ఎర్ర సిరాతో కొట్టేసిన మాట

కొత్తగా ఇంగ్లీషు లెక్చరర్లుగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మొన్న ఒక ఆదివారం సూర్యాపేటలో మా ఇంటికి వచ్చారు. టీ తాగారు. నా మోకాళ్ళ నొప్పుల గురించి మర్యాదగా అడిగారు. ఆ తరువాత మెల్లగా అసలు సంగతి తీశారు.

"మేడం, ఆ విక్టోరియా కాలం నవల మీద మీ పాత నోట్స్ ఉంటే ఇస్తరా? ఈ సెమిస్టర్ మాకు అదే పడింది."

లేవన్నాను. అబద్ధం కాదు. రిటైరైన వారంలోనే మూడు సంచుల నోట్సు పాత పేపర్లాయన తోపుడుబండి ఎక్కించి పంపేశాను. ఆ మాట వినగానే పిల్లల ముఖాలు చిన్నబోయాయి. జాలేసింది గానీ పశ్చాత్తాపం కలగలేదు. ఆ నోట్సు వల్ల బాగుపడినవాళ్ళు ఎవరూ నాకు గుర్తు లేరు. దాని వల్ల ఒక పిల్ల చదువు పోబోయిన సంగతి మాత్రం బాగా గుర్తుంది. నోట్సుకు బదులు అది రాసిస్తాను, చదువుకోండమ్మా.

నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ కమిటీకి కన్వీనరుగా ఉన్నానో ఇందులో ఉండదు. ఆ నవల పేరు కూడా చెప్పను. చెబితే రేపే వెళ్ళి గైడు కొంటారు. మీ సంగతి నాకు తెలియదా?

మిర్యాలగూడ: పొయ్యి

మాది పాలకీడు. మా నాన్నకు ఎడమ కాలువ కింద పొలం, ఊళ్ళో పటేలు అన్న పిలుపు, ఆడపిల్లను ఎం.ఏ. చదివించానన్న గర్వం ఉండేవి. మొదటి పోస్టింగు మిర్యాలగూడ కాలేజీలో వచ్చింది. చేరిన నెలకే నేను తెలివి తక్కువ పని చేశాను.

పాఠంలో "హార్త్" అన్న మాట వచ్చింది. వెనక బెంచీ అబ్బాయి లేచి అర్థం అడిగాడు. నాకు తెలియదు. హార్ట్ లాంటి మాటే కదా అనుకుని, "హృదయానికే ఇంకో పేరు, కవితాత్మకంగా వాడతారు" అని ధైర్యంగా చెప్పేశాను. అరవైమంది రాసుకున్నారు. అదే సమయానికి వరండాలో నడుస్తున్న మా ప్రిన్సిపల్ లక్ష్మీకాంతరావు సార్ కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయారు.

సాయంత్రం పిలిపించారు. కూర్చోమన్నారు.

"అమ్మా, హార్త్ అంటే పొయ్యి. చలి దేశం గద, గోడలకే పొయ్యి కట్టుకుంటరు వాళ్ళు. రేపు పోయి పిల్లలకు చెప్పు."

"సార్, నాకు తెలియదని ఒప్పుకుంటే వాళ్ళు ఇక నా మాట వింటారా?"

"తెల్వదంటే ఒక పూట ఇజ్జత్ పోతది. తెల్సినట్టు చెప్తే అరవై మందికి హృదయంల పొయ్యి పెట్టినదానివైతవ్. ఏది మంచిగుంటదో నువ్వే సూస్కో."

మరునాడు వెళ్ళి చెప్పాను. క్లాసంతా విరగబడి నవ్వింది. కొన్నాళ్ళపాటు వరండాలో నన్ను చూసి "పొయ్యి మేడం" అని గుసగుసలాడుకున్నారు కూడా. కానీ ఆ రోజు నుంచి పిల్లలు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. అంతకుముందు నెలరోజుల్లో నన్ను ప్రశ్న అడిగినవాడు ఆ వెనక బెంచీ అబ్బాయి ఒక్కడే.

నాకు తెలియదని చెప్పడం అక్కడ నేర్చుకున్నాను. ఎదుటివాళ్ళకు తెలియకపోతే ఎలా మాట్లాడాలో మాత్రం నేర్చుకోలేదు. దానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది, నేర్పినవాళ్ళు ప్రిన్సిపల్ కూడా కాదు.

కోదాడ: నవల, దాని గైడు

కోదాడకు వచ్చేసరికి నేను సీనియర్ని. బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నవాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళకు చెప్పవలసిన నవల అది. కథ మీకు తెలిసిందే అయినా, పాఠం చెప్పబోయే ముందు ఇంకోసారి వినండి.

ఇంగ్లండులో ఒక నూలు మిల్లు. యజమాని పెద్ద చదువు చదివినవాడు, చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడు. మిల్లులో రంగులు అద్దగా మిగిలిన నీళ్ళు ఆయన బంగళా వెనక నుంచి కాలువలో కలుస్తాయి. వాసన వస్తుందని ఆయన ఆ వైపు కిటికీ మూయించేశాడు. కాలువ దిగువన కూలీల పేట. ఆ బంగళాలో బట్టలుతికే పిల్ల ఒకతె ఉంటుంది, తల్లి లేదు, ఒక తమ్ముడున్నాడు. తమ్ముడికి జ్వరం వస్తే ఆ కాలువ నీళ్ళే తెచ్చి చెంచాతో తాగిస్తూ కూర్చుంటుంది. వాడు చచ్చిపోతాడు. చర్చిలో పాదిరి అజ్ఞానం గురించి ప్రసంగం చేస్తాడు, ఊరంతా ఆ పిల్ల వైపు తిరిగి చూస్తుంది. ఆమె ఊరు విడిచి నడుచుకుంటూ వెళ్ళిపోతుంది, మళ్ళీ కనిపించదు. చివరి అధ్యాయంలో యజమాని "నాకు తెలియదు" అని ఏడుస్తాడు. తరువాత పేటలో బడి కట్టిస్తాడు. ఆ బడి గోడ మీద ఆయన పేరున్న రాయి పెట్టడంతో నవల అయిపోతుంది.

ఏటేటా పరీక్షలో వచ్చే ప్రశ్న ఒక్కటే. ఈ నవలలో అజ్ఞానం అనే లోపం పాత్రను ఎలా పతనం చేసింది? మా శాఖాధిపతి రామచంద్రం సార్ దానికి నాలుగు పేజీల జవాబు తయారు చేసి పెట్టారు. "ఆ యువతి విషాదానికి మూలం ఆమె అజ్ఞానమే" అని మొదలవుతుంది. కోదాడలో జిరాక్సు షాపువాడికి కూడా ఆ నాలుగు పేజీలు కంఠతా వచ్చు. సార్ చెడ్డవారు కాదు. పిల్లలు పాసవ్వాలన్న తాపత్రయం నిజంగా ఉన్నవారు. కానీ ఆయన ఆ నవలను చివరిసారి చదివి పాతికేళ్ళయింది. జవాబు ఉన్నప్పుడు నవలతో పనేముంది?

నేను కూడా ఆ నాలుగు పేజీలే చెప్పాను. ఏడేళ్ళు చెప్పాను. మిమ్మల్ని తిట్టే ముందు నన్ను నేను తిట్టుకోవడం న్యాయం.

చున్నీ

స్వరూప అని ఒక అమ్మాయి. మా పాలకీడు నుంచే బస్సులు మారి వచ్చేది. మూడో బెంచీ, గోడ పక్కన. మాట్లాడితే చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఫ్లోరైడ్ నీళ్ళకు మచ్చలు పడిన గారపళ్ళని అందరికీ తెలుసు. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో గారపళ్ళు కొత్తా? ఆమె ఎప్పుడూ ఏమీ అడగదు, నేనూ ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఒకసారి స్లిప్ టెస్ట్ పెట్టాను. అందరూ ఆ నాలుగు పేజీలు కుదించి రాశారు. స్వరూప మాత్రం అర పేజీ రాసింది. మొదటి వాక్యంలోనే ఆ పిల్ల ఇన్నోసెంట్ అని ఉంది. నేను ఎర్ర పెన్నుతో ఇన్నోసెంట్ కొట్టేసి పైన ఇగ్నోరెంట్ అని రాశాను. మన పిల్లలు చేసే తప్పే ఇది. అమాయకురాలు అన్న మాటను మనసులో అనుకుని ఇన్నోసెంట్ అని రాసేస్తారు. కాగితాలు పంచేటప్పుడు అది అందరికీ పాఠంగా ఉంటుందని ఆమెను లేపాను.

"ఇన్నోసెంట్ అంటే ఏమిటి?"

"అమాయకురాలు, మేడం."

"కాదు. ఇన్నోసెంట్ అంటే నిర్దోషి. ఇగ్నోరెంట్ అంటే తెలియనిది. ఆ నీళ్ళు మంచివి కావని ఆమెకు తెలియదు. కాబట్టి ఆమె ఏమవుతుంది?"

ఆమె చున్నీ చాటు నుంచి ఏదో అంది. వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అంది. మళ్ళీ వినపడలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు చిరాకేసింది.

"ముందు నోటికి అడ్డం తీసి మాట్లాడు. ఏం దాచుకుంటున్నావు అక్కడ?"

ఆమె చున్నీ తీసింది. అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"తెల్వనిదానికి తప్పు ఎట్లంటుకుంటది మేడం? తెల్వకుంట చేసింది. అందుకే నిర్దోషి. రెండు ఒకటే గద?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ క్లాసు వైపు తిరిగి, "చూశారా, అజ్ఞానం అంటే ఇదే. ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు" అన్నాను.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో వెనక్కి తీసుకోవాలని నేను కోరుకునే వాక్యం అది. ఆమె చున్నీ మళ్ళీ కప్పుకుని కూర్చుంది. మరునాడు రాలేదు. ఆ వారం రాలేదు. నెల దాటినా రాలేదు.

పాలకీడు దారిలో

హాజరు పట్టిక చూసి రామచంద్రం సార్ స్వరూప పేరు కింద గీత గీశారు. "డిటైన్ చేయాల్సిందేనండీ మేడం. రూల్ రూలే కదా." అంటే ఏడాది పోయినట్టే. నాకు నిద్ర సరిగ్గా పట్టలేదని చెబితే గొప్పగా ఉంటుంది గానీ, నిజం చెప్పాలంటే బాగానే పట్టింది. అన్నయ్య ఇంట్లో ఏదో పని ఉండి ఆ ఆదివారం పాలకీడు వెళ్ళాను. వెళ్ళాను కదా, ఆ పిల్ల ఇల్లెక్కడో అడుగుదామనుకున్నాను. అంతే.

మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. చిన్నప్పుడు నేను అటు ఒక్కసారి కూడా పోలేదు. రేకుల ఇల్లు. ముందు పందిరి కింద బల్ల వేసుకుని ఒక యువకుడు సెల్‌ఫోన్లు విప్పి బాగుచేస్తున్నాడు. కూర్చున్నవాడు నన్ను చూసి లేవబోయాడు. మోకాళ్ళు లోపలికి వంగిపోయి ఉన్నాయి. లేవడానికి బల్లను రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది. స్వరూప అన్న, నాగరాజు.

"కూసోండి మేడం. మా చెల్లె మీ గురించే చెప్తది. అది నవ్వంగ మీరెప్పుడన్న సూసిన్రా? మేం కూడ సూడలే." తమాషాకే అన్నాడు. నాకు తగలవలసిన చోటే తగిలింది.

వాళ్ళమ్మ ఎల్లమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నా చేతికిచ్చి నా ముఖం చూస్తూ నిలబడింది.

"తాగుండ్రి, భయం లేదు. గిప్పుడు కృష్ణనీళ్ళే. మీరు పెద్దపటేలు బిడ్డనే గద? మీ అన్న పొలంల ఎన్నేండ్ల సంది నాటేస్తున్న, మీరు నన్ను గుర్తువట్టరు."

గుర్తుపట్టలేదు. తాగాను. స్వరూప లోపలే ఉంది, బయటికి రాలేదు. ఎందుకు రావడం లేదని అడిగితే ఎల్లమ్మ గడపలో కూర్చుని చెప్పింది.

"మాది ఇక్కడ గాదు మేడం. పడమట మెట్ట ఊరు. గాడ నీళ్ళకు చానా గోస. ఒకనాడు పెద్దసార్లు వచ్చి బోరు ఏసిన్రు. కొబ్బరికాయ కొట్టిన్రు. మాతోనే హారతి ఇప్పిచ్చిన్రు. గా నీళ్ళే తాగినం, వండుకున్నం. పోరనికి కాళ్ళు వంగవట్టె. దీనికి పండ్లు గట్లాయె. గప్పుడు ఇంకో సారు కారుల వచ్చిండు. పోరని కాళ్ళు సూసి, ఊరందరి ముంగట నన్ను నిలవెట్టి, 'ఏం తల్లివమ్మా, గీ నీళ్ళు తాపుతవా పిల్లలకు? ఇంత అజ్ఞానమా?' అన్నడు. గా మాటకు అర్థం నాకు తెల్వదు. తిట్టిండని తెల్సింది."

"మీరేమన్నారు?"

"ఏమంట? బోరు ఎవలు ఏసిన్రు సారూ అని అడుగుదామనుకున్న. నోరు రాలే." ఎల్లమ్మ కొంగుతో చెంబు తుడిచి పక్కన పెట్టింది. "మొన్న ఇది కాలేజి నుంచి వచ్చి ఏడ్సుకుంట పండుకుంది. ఏమైందే అంటే, అమ్మా నిన్ను అన్నమాటే నన్ను కూడ అన్నరే అన్నది."

సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, చేతిలో చెంబు లేదు గాబట్టి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడేళ్ళుగా నేను ఆ నవల చెబుతున్నాను. ఇంగ్లండులో ఎవడో కిటికీ మూసుకున్నాడని క్లాసులో చెప్పాను. మా ఇంటి వెనక ఈ పేట ఉంది. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి అటు తిరిగి చూడలేదు. ఎల్లమ్మకు తెలియదు, ఎవరూ చెప్పలేదు గనక. నాకు తెలియదు, నేను అడగలేదు గనక. ఈ రెంటికీ ఒకే పేరు పెట్టి ఆ పేరును ఎల్లమ్మ నెత్తిన వేస్తున్నాం.

లోపలికి వినపడేటట్టు గట్టిగా అన్నాను. "స్వరూపా, నేను చెప్పింది తప్పు. క్లాసులో అన్నాను గనక క్లాసులోనే చెబుతాను. రేపు రా."

లోపలి నుంచి మాట వచ్చింది. "డిటైన్ చేస్తరట గద మేడం. ఏడాది ఆగితే ఇగ ఖతమే. మిల్లుల పనికి పోతా."

"ఆగనక్కర్లేదు" అన్నాను. డిటైన్ చేయకుండా ఎలా ఆపుతానో అప్పటికి నాకేమీ తెలియదు.

సెమినార్

మరునాడు స్వరూప వచ్చింది. బల్ల మీద ఆమె స్లిప్ టెస్ట్ కాగితం పెట్టుకుని క్లాసులో చెప్పాను. నేను కొట్టేసిన మాట సరైనదని, పైన రాసిన మాట తప్పని. ఆ ఎర్ర గీతను అడ్డంగా కొట్టేసి, ఆఫీసు కాగితాల మీద దిద్దుబాటు పక్కన పెట్టినట్టు చిన్న సంతకం పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. స్వరూప ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది. చున్నీ మాత్రం తీయలేదు.

రామచంద్రం సార్‌తో మాట్లాడాను. చాలాసేపు నసిగారు. ప్రిన్సిపల్‌కు వెళ్ళే హాజరు, సెమినార్ మార్కుల జాబితా మీద ముందు ఆయన సంతకం ఉండాలి. చివరికి ఒక షరతు పెట్టారు.

"సరేనండీ. నా ఎదురుగా సెమినార్ ఇవ్వమనండి. మోడల్ ఆన్సర్ బాగా చెప్పిందనుకోండి, హాజరు సంగతి నేను చూసుకుంటాను. లేదంటే నన్ను అడగొద్దు."

స్వరూపకు ఆ మాట అలాగే చెప్పాను. నాలుగు పేజీలు కంఠతా పడితే గండం గట్టెక్కుతుంది. పట్టమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆమె ఎంత నష్టపోతుందో నాకు తెలుసు. నా ధైర్యాన్ని ఆమె చదువుతో చూపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ రోజు సార్ ముందు వరుసలో కూర్చున్నారు. స్వరూప బోర్డు దగ్గర నిలబడింది. చేతిలో కాగితం లేదు. రెండు నిమిషాలు చున్నీ చాటునే మాట్లాడింది. నవల కథ చెప్పింది. తరువాత చున్నీ తీసి భుజం మీద వేసుకుంది.

"షీ వాజ్ ఇన్నోసెంట్. హీ వాజ్ ఇగ్నోరెంట్."

సార్ ముక్కుపుడక పడిపోయినవాళ్ళలా వెతుక్కున్నారు, తన నాలుగు పేజీల్లో ఆ వాక్యం ఎక్కడుందా అని. లేదు.

"ఏంటమ్మా ఇది, తిరగేసి చెప్తున్నావ్? యజమాని చదువుకున్నవాడు. ఆయన ఇగ్నోరెంట్ ఎలా అవుతాడు?"

ఇంగ్లీషు ఆమెను వదిలేసింది. తెలుగులోకి దిగింది.

"సార్, మనం ఎవరినన్న చూసి చూడనట్టు పోతే ఇగ్నోర్ చేసిండు అంటం గద. ఇగ్నోర్ చేసినోడే ఇగ్నోరెంట్ సార్. ఆయన ఇంటి ఎనకనే కాలువ. కిటికీ తీస్తే కనవడతది. తీయలే. తెల్వకుంట ఉండనీకె ఆయన మస్తు కష్టపడ్డడు సార్. గా పిల్లకు తెల్సుకునే మోక ఎవలిచ్చిన్రు? ఆమె తమ్ముణ్ణి బతికిద్దామని నీళ్ళు తాపింది. గది లోపం గాదు. గది ప్రేమ."

క్లాసులో ఒకరిద్దరు నవ్వారు. ఇగ్నోర్ నుంచి ఇగ్నోరెంట్ తీయడం వాళ్ళకు తమాషాగా ఉంది. ఆ రోజు సాయంత్రం లైబ్రరీలో నిఘంటువు తీసి చూశాను. రెండు మాటలదీ ఒకటే వేరు. ఇంగ్లీషు తప్పుగా వాడే మన తెలుగు పిల్ల, తప్పుతోనే ఆ మాట మొదటికి వెళ్ళిపోయింది.

సార్ లేచారు. కోపం లేదు ఆయన గొంతులో, నొచ్చుకున్నారంతే.

"చక్కగా మాట్లాడావమ్మా. కానీ ఇది జవాబు కాదు. రేపు యూనివర్సిటీ పేపర్‌లో ఇలా రాస్తే ఎవడు మార్కులేస్తాడు? మేడం, జీరో వేయండి. హాజరు కూడా నేను చూడను."

వివరణ

నేను ఇరవైకి పద్దెనిమిది వేశాను. రెండు మార్కులు ఎందుకు తగ్గించానంటే, రెండు నిమిషాలు చున్నీ చాటున మాట్లాడింది గనక. హాజరుకు నేనే హామీ రాసి, నా సంతకంతో జాబితాను నేరుగా ప్రిన్సిపల్ ఆఫీసులో ఇచ్చేశాను. శాఖాధిపతి సంతకం లేని జాబితా చెల్లదని నాకు తెలుసు. ఆ ఆఫీసులో జాబితాలు ఎవరూ చదవరని కూడా తెలుసు. చదవకుండానే వెళ్ళిపోయింది, పాసైపోయింది. పదిహేను రోజుల తరువాత రామచంద్రం సార్ గమనించి ఫిర్యాదు చేశారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ చేసేదాన్ని.

స్వరూప సెమిస్టర్ పరీక్ష రాసింది. అదే ప్రశ్న వచ్చింది, సెమినార్‌లో చెప్పిన జవాబే రాసింది. ఎవరో తెలియని ఎగ్జామినరు అత్తెసరు మార్కులిచ్చాడు. పాసే. తరువాత బి.ఎడ్. చేసింది. ఇప్పుడు హుజూర్‌నగర్ దగ్గర బళ్ళో ఇంగ్లీషు చెబుతోంది. పళ్ళు బాగుచేయించుకోలేదు. "పిల్లలల్ల సగం మందివి గిట్లనే ఉన్నయి మేడం, నేను దాస్తే వాళ్ళు గూడ దాస్తరు" అంది ఫోనులో.

నేను ఆ వేసవిలోనే సూర్యాపేటకు బదిలీ అయ్యాను. సాధారణ బదిలీ అన్నారు. అనుకోనివ్వండి.

ఇప్పుడు మీ ఇద్దరికీ నా మాట. మీ చేతికి ఎర్ర పెన్ను ఇస్తారు, సరైన జవాబులున్న ఒక కీ ఇస్తారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు తప్పు ఇంగ్లీషు రాస్తారు. దిద్దండి, అది మీ పని. కానీ దిద్దేముందు ఆ తప్పు ఏ ఇంటి నుంచి వచ్చిందో ఒకసారి అడగండి. అడగకుండా దిద్దితే కిటికీ మూసుకున్నవాడికీ మీకూ తేడా ఉండదు. కీ ప్రకారం మార్కులు వేయలేదని మిమ్మల్ని ఎవరైనా నిలదీస్తే, నిలదీయనివ్వండి. ఉద్యోగం పోదు. నాది పోలేదు.

నా పింఛను కాగితాలు తయారవుతున్నప్పుడు ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ నా సర్వీసు ఫైలు తిరగేస్తూ ఆగిపోయాడు. కోదాడలో నాకిచ్చిన మెమో దొరికింది. "నిబంధనల పట్ల అజ్ఞానం సాకు కాజాలదు. మీరు నిబంధన తెలియక అలా చేశారా, వివరణ ఇవ్వండి" అని ఉంది దానిలో. వెనక నా సమాధానం కుట్టి ఉంది.

"మేడం, పెద్దగ ఏం లేదు, గిదొక్కటే మచ్చ. సార్‌తోని మాట్లాడి తీపియ్యమంటరా?"

"సమాధానం చదివావా?"

చదివాడు. తలెత్తి నన్ను చూశాడు. మళ్ళీ చదివాడు, ఈసారి పైకి.

"అయ్యా, నేను ఇగ్నోరెంట్‌ను కాను. ఇన్నోసెంట్‌ను అంతకంటే కాను. తెలిసే చేశాను."

"ఉండనీ నాయనా. ఆ ఫైలు మొత్తంలో నేను సొంతంగా రాసింది అదొక్కటే" అన్నాను.